ఉక్కపోతలో మంచు: చిన్న విమానం ఇంజను దగ్గినప్పుడు

నాగావళి గట్టున పొలానికి నీరు తోడే ఆయిలు ఇంజను శబ్దం మీరు వినే ఉంటారు. టకటకమని ఒకే లయలో కొట్టుకుంటూ పోతుంది. రైతు గట్టు మీద వేరే పని చూసుకుంటూ ఉంటాడు. ఇంజను కేసి చూడనైనా చూడడు. కాని ఆ లయలో ఒక్క దెబ్బ తప్పిందా, చటుక్కున తల తిప్పుతాడు. కంటికంటే ముందు చెవికి తెలిసిపోతుంది. ఇంజను ఆగిపోయినా ఆయనకు వచ్చే ముప్పు పెద్దగా లేదు. గొట్టాలు విప్పి, వడపోత చూసి, తీరిగ్గా బాగు చేసుకుంటాడు. మడికి నీరు ఓ గంట ఆలస్యం, అంతే.

అదే ఇంజను నేలకు మూడువేల అడుగుల ఎత్తున దగ్గడం మొదలు పెడితే?

ఒక ప్రయాణాన్ని ఊహించుకుందాం. కార్తీకమాసంలో ఒక ఉదయం. రాత్రి వాన పడి వెలిసింది. సముద్రం మీద నుంచి తేమగాలి వీస్తోంది. సెస్నా 152 అనే చిన్న విమానంలో ఒక శిక్షణార్థిని ఒంటరిగా తీరం వెంబడి ఉత్తరంగా వెళ్తోంది. ఎడమ పక్క భోగాపురం కనిపించింది. 2023 మే 3న కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన ఊరు అది. కోనాడ దగ్గర చంపావతి, కళ్లేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలిసే చోట్లు దాటింది. ఎదురుగా వంశధార సాగరసంగమం, కళింగపట్నం. కాస్త కిందికి దిగుదామని ఆమె ఇంజను జోరు తగ్గించింది. ఒకటి రెండు నిమిషాలు గడిచాయి. చేత్తో తాకకుండానే చుట్లు చూపే ముల్లు కొద్దికొద్దిగా కిందికి జారుతోంది. అంతలో సీటు కింద సన్నని వణుకు. ఆ తరువాత ఇంజను ఒక్కసారి దగ్గింది.

ఇప్పుడామె ఏం చేయాలి?

ముందుగా చేయవలసిన పని ఇంజనుకు సంబంధించినది కానే కాదు! విమానం ముక్కును సరిచేసి వేగాన్ని నిలుపుకోవాలి. ఇంజను పూర్తిగా ఆగిపోయినా విమానం రాయిలా పడిపోదు. సెస్నా 152ను 60 నాట్లు, అంటే గంటకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో జారనిస్తే, గాలి అనుకూలంగా ఉంటే మూడువేల అడుగుల ఎత్తు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా తేలుతూ పోగలదు. అంటే ఆమెకు నాలుగు నిమిషాలకు పైగా వ్యవధి ఉంది. ఆ లోపల దిగే చోటు ఒకటి చూసి పెట్టుకోవాలి. కార్తీకంలో మళ్లలో వరి ఇంకా నిలిచే ఉంటుంది. తడిమడిలో ముందుచక్రం దిగబడితే విమానం బోర్లా పడవచ్చు. కొబ్బరితోటల సంగతి చెప్పనే అక్కరలేదు. అలలు తడిపి గట్టిపరచిన ఇసుక మీద ఆమె ఒక కన్ను వేసి ఉంచింది. ఇక రెండో కన్నుతో ఇంజను సంగతి చూడవచ్చు.

ఏ పెట్రోలు ఇంజను అయినా సాఫీగా నడవాలంటే సరిపడినంత గాలి, అందుకు తగిన పాళ్లలో పెట్రోలు, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండరులో గట్టి ఒత్తిడి ఉండాలి. దగ్గు వచ్చిందంటే వీటిలో ఏదో ఒకటి తప్పిందన్నమాట. మిగిలినవాటి సంగతి తరువాత చెప్పుకుందాం. ఆమె చేయి మొదట వెళ్లేది గాలి దారికే. అక్కడ మంచు పేరుకుని ఉండవచ్చు.

మంచా! శ్రీకాకుళం తీరంలోనా! లంబసింగి కొండల్లో పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డి మీద మంచు కనిపిస్తేనే పత్రికలో వార్త వస్తుంది. ఇక్కడ బయట గాలి 24 డిగ్రీల సెల్సియస్ ఉంది. ఒంటి మీద చొక్కా తడిసి అంటుకుపోతోంది. అయినా ఇంజను గొంతులో మంచు కట్టవచ్చు. అదెలాగో చూద్దాం.

వేసవిలో కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. కుండ చెమర్చిన నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండ నుంచీ, లోపలి నీటి నుంచీ లాక్కుంటుంది. సూది వేసే ముందు చేతికి స్పిరిటు రాస్తే చల్లగా తగిలేదీ ఇందుకే. కార్బురేటరులో జరిగేదీ అదే. గాలి ఒక ఇరుకైన గొంతులోంచి వడిగా దూసుకుపోతుంది. అక్కడ పీడనం తగ్గడం వల్ల సన్నని రంధ్రం గుండా పెట్రోలు తుంపరగా చిమ్మి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచీ, లోహం నుంచీ లాక్కుంటుంది. ఇది ఎంత చల్లదనమో లెక్కకట్టవచ్చు. ఒక కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక కిలో పెట్రోలుకు ఇంజను దాదాపు 13 కిలోల గాలిని పీలుస్తుంది. ఒక కిలో గాలి ఒక డిగ్రీ చల్లబడాలంటే దాదాపు ఒక కిలోజౌలు వేడి పోవాలి. 350ని 13తో భాగించండి. 27 వచ్చింది కదా! పెట్రోలంతా ఆవిరైతే గాలి 27 డిగ్రీలు చల్లబడగలదన్నమాట. పీడనం తగ్గడం వల్ల కలిగే చల్లదనం దీనికి అదనం. నిజానికి పెట్రోలంతా అక్కడే ఆవిరి కాదు, ఆవిరి నీరుగా మారేటప్పుడు కొంత వేడి తిరిగి వస్తుంది కూడా. కాబట్టి లెక్కలో కొంత తీసివేతా ఉంది. అయినా 24 డిగ్రీల గాలి సున్నాకు దిగడానికి దారి దొరికింది.

ఇక నీరెక్కడిది? గాలిలోనే ఉంది. 24 డిగ్రీల దగ్గర, తేమ 85 శాతం ఉన్న ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 18 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి సున్నా డిగ్రీల దగ్గర అయిదు గ్రాములకు మించి ఆవిరిని పట్టి ఉంచుకోలేదు. మిగిలిన 13 గ్రాములూ నీరుగానో మంచుగానో బయట పడవలసిందే. మన విమానం ఇంజను సామర్థ్యం సుమారు 3.8 లీటర్లు. మామూలు ప్రయాణంలో అది నిమిషానికి రెండున్నర ఘనమీటర్ల గాలిని పీలుస్తుంది. అంటే నిమిషానికి 30 గ్రాములకు పైగా నీరు ఆ గొంతులో వేరు కాగలదు. రెండు మూడు చెంచాల నీళ్లు! జోరు తగ్గించినప్పుడు పీల్చే గాలి తగ్గుతుంది, నిజమే. కాని అప్పుడు గాలిని అదుపు చేసే రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. దాని అంచు పక్కన మిగిలిన సందు బొత్తిగా సన్నం. కొద్దిపాటి మంచు అంటుకున్నా దారి మూసుకుపోతుంది. ఇంజను జోరుగా ఉన్నప్పటికంటే తగ్గించి కిందికి దిగేటప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఇదే.

మంచు పట్టడానికి బాగా అనువైన వాతావరణం 21 డిగ్రీల కంటే తక్కువ వేడి, 80 శాతానికి మించిన తేమ అని వైమానిక శిక్షణ గ్రంథాలు చెబుతాయి. అయితే 38 డిగ్రీల ఎండలో, తేమ 50 శాతమే ఉన్నా ఒక్కోసారి ఇది జరగవచ్చని కూడా అవే హెచ్చరిస్తాయి. హిమాలయాల మీద పొడిగా ఉండే గడ్డకట్టే చలికంటే మన కోస్తా ఉక్కపోత ఈ విషయంలో ఎక్కువ ప్రమాదకరం. చలిగాలిలో గడ్డకట్టడానికి నీరే తక్కువ కదా!

విరుగుడు సులభమైనదే. పైలట్ ముందున్న పలక మీద ఒక మీట ఉంటుంది. దాన్ని లాగితే కార్బురేటరుకు బయటి గాలి బదులు, పొగగొట్టం చుట్టూ తిరిగి వేడెక్కిన గాలి అందుతుంది. మంచు కరుగుతుంది. ఇంత సులభమైనప్పుడు ఇక ప్రమాదాలెందుకు జరుగుతాయి?

ఇక్కడే ఉంది తిరకాసు. మీట లాగగానే ఇంజను బాగుపడదు. ముందు ఇంకా పాడవుతుంది! వేడిగాలి పలచన. కాబట్టి పెట్రోలు పాలు ఎక్కువై శక్తి తగ్గుతుంది. పైగా కరిగిన మంచునీరు సిలిండర్లలోకి పోతుంది. నిప్పురవ్వ చుట్టూ నీరు చేరితే ఇంజను ఏం చేస్తుంది? దగ్గుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి ఇక ఆగిపోతుందేమో అన్నంత పని చేస్తుంది. ఆ క్షణంలో మనసు ఏమంటుంది? "అయ్యో, తప్పు మీట లాగాను" అంటుంది. చేయి దానంతట అదే మీటను వెనక్కి తోస్తుంది. వణుకు కాస్త తగ్గినట్టే ఉంటుంది. మంచు మాత్రం మళ్లీ పెరగడం మొదలు పెడుతుంది. ఇంకో నిమిషం తరువాత మీట లాగినా, పొగగొట్టంలో మంచును కరిగించేంత వేడి మిగిలి ఉండకపోవచ్చు. ఇంజను నడిస్తేనే కదా వేడి పుట్టేది!

కాబట్టి మన శిక్షణార్థిని మీటను పూర్తిగా లాగి, పట్టుదలగా అలాగే ఉంచింది. సగం లాగడం పనికిరాదు. ఇంజను గొణిగింది, రెండు మూడుసార్లు గట్టిగా దగ్గింది. చుట్ల ముల్లు ఇంకా పడింది. ఆమె చూపు తడి ఇసుక మీదికి వెళ్లి వచ్చింది. అర నిమిషం. అంతసేపూ ఏ మార్పూ లేకపోతే తన ఊహ తప్పని ఒప్పుకోవలసి ఉంటుంది. అంతలో ముల్లు కదిలింది. మెల్లగా పైకి. వణుకు తగ్గింది.

ఆ ముల్లు చెప్పే భాష గమనించండి. మంచు లేనప్పుడు మీట లాగితే చుట్లు కొంచెం తగ్గి అక్కడే నిలిచిపోతాయి. మంచు ఉంటే తగ్గి, తరువాత పెరుగుతాయి. రోగనిర్ధారణ, చికిత్స రెండూ ఒకే మీటతో జరిగిపోయాయి.

ఇలా ఇంజను దగ్గడంతో ఒక రాత్రి పోరాడిన మనిషి చరిత్రలో ఉన్నాడు. చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు మీరు వినే ఉంటారు. 1927 మే 20, 21 తేదీలలో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ముప్పైమూడున్నర గంటలు ఒంటరిగా, ఎక్కడా దిగకుండా ఎగిరినవాడు. అందుకు పది రోజుల ముందు, మే 10న, ఆయన అదే విమానంలో పశ్చిమ తీరంలోని శాన్ డియాగో నుంచి సెయింట్ లూయిస్ నగరానికి బయలుదేరాడు. చీకటి పడ్డాక, ఎత్తయిన కొండల మీద ఇంజను దగ్గి వణకడం మొదలు పెట్టింది. కింద మనుషుల జాడ లేదు. దిగవలసి వస్తే ఎక్కడ దిగాలో చూసుకుంటూ ఆయన అక్కడక్కడే చుట్టూ తిరిగాడు. పెట్రోలు పాళ్లను మార్చి చూశాడు, జోరు మార్చి చూశాడు. కొంతసేపటికి ఇంజను సర్దుకుంది. తెల్లవారాక సెయింట్ లూయిస్ చేరాడు. కార్బురేటరుకు చలి సోకడమే కారణమని ఆయన అనుమానం. న్యూయార్క్ చేరగానే చేయించిన పనుల్లో ఒకటి కార్బురేటరుకు వెచ్చని గాలి అందించే సాధనం బిగించడం. అట్లాంటిక్ మహాసముద్రం మీద తేమకు కొదవుండదు మరి. ఆయన సాహసాన్ని అందరూ పొగుడుతారు. నాకైతే ఆ చిన్న సాధనం బిగించుకున్న జాగ్రత్తే ఎక్కువ నచ్చుతుంది.

ఈ జబ్బుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఇది సాక్ష్యం మిగల్చదు. విమానం ఎక్కడో పొలంలో దిగిపోయాక నిపుణులు వచ్చి ఇంజను విప్పి చూస్తారు. అంతా సవ్యంగానే ఉంటుంది. మంచు ఎప్పుడో కరిగి ఆరిపోయింది! అందుకని వాళ్లు ఆనాటి గాలి వేడి ఎంత, తేమ ఎంత అని వాతావరణ లెక్కలు తిరగవేస్తారు.

పెద్ద జెట్ విమానాలకు ఈ బెడద లేదు, వాటికి కార్బురేటరే లేదు. పెట్రోలును నేరుగా సిలిండరు ద్వారం దగ్గర చిమ్మే చిన్న ఇంజన్లకు కూడా ఈ రకం మంచు పట్టదు. సెస్నా 152 వంటి పాత నమూనాలతోనే ఈ పేచీ.

సరే, వేడిగాలి ఇచ్చినా వణుకు తగ్గలేదనుకోండి. అప్పుడు పెట్రోలు సంగతి చూడాలి. విమానం ఎత్తుకు పోయిన కొద్దీ గాలి పలచబడుతుంది. మహేంద్రగిరి శిఖరం ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 14 శాతం దాకా తక్కువ. గాలి తగ్గి, పెట్రోలు అంతే వస్తే మిశ్రమం చిక్కబడి ఇంజను గరగరలాడుతుంది. ఎర్రటి పిడిని కొద్దికొద్దిగా లాగి పెట్రోలు తగ్గిస్తే సాఫీ అవుతుంది.

పెట్రోలులో నీరు కలిసి ఉంటే? ఇది కూడా తీరప్రాంతపు బెడదే. తొట్టి సగం ఖాళీగా ఉంటే, రాత్రి చల్లబడినప్పుడు అందులోని గాలి తేమ గోడలకు పట్టి, కిందికి జారుతుంది. సాయంత్రమే తొట్టి నింపి పెట్టడం అందుకే మంచి అలవాటు. పెట్రోలు లీటరు బరువు 720 గ్రాములే గనుక నీరు అడుగుకు చేరుతుంది. ఎగిరే ముందు తొట్టి అడుగు నుంచి కొద్దిగా ఒక పారదర్శకమైన గ్లాసులోకి తీసి చూస్తారు. విమానాల్లో ఎక్కువగా వాడే పెట్రోలుకు నీలిరంగు కలుపుతారు. అడుగున రంగులేని బొట్టు కనిపిస్తే అది నీరు. కొత్తవాళ్లు పొరబడేది ఎక్కడో తెలుసా? గ్లాసు నిండా నీరే వచ్చినప్పుడు! గీత ఏదీ కనిపించదు, అంతా ఒకే రంగు, బాగానే ఉందనుకుంటారు. అందుకే రంగు చూడాలి, వాసన కూడా చూడాలి.

మిగిలింది నిప్పురవ్వ. విమానం ఇంజనులో ప్రతి సిలిండరుకూ రెండేసి స్పార్కు ప్లగ్గులు ఉంటాయి. నాలుగు సిలిండర్లకు ఎనిమిది. వాటికి కరెంటు ఇచ్చేవి రెండు మాగ్నెటోలు. ఒక్కొక్కటీ నాలుగేసి ప్లగ్గులకు. మాగ్నెటో తిరుగుతూ తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా ఇంజను ఆగదు. ఒక మాగ్నెటో పాడైనా రెండోది నడిపిస్తుంది. ఎగరబోయే ముందు పైలట్ నిమిషానికి 1,700 చుట్ల దగ్గర ఒక్కొక్క మాగ్నెటోను ఆపి చూస్తాడు. చుట్లు కొంత తగ్గడం మామూలే. సెస్నా 152లో ఆ తగ్గుదల 125కు మించకూడదు, రెండింటికీ మధ్య తేడా 50 దాటకూడదు. ఒక దాని మీద ఇంజను వణికిందా, ఆ వరుసలో ఏదో ఒక ప్లగ్గు పనిచేయడం లేదన్నమాట. చాలాసార్లు కారణం సీసం. మన దేశంలో కార్ల, స్కూటర్ల పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆగిపోయింది. చిన్న విమానాల పెట్రోలులో ఇంకా చాలాచోట్ల ఉంది. అది ప్లగ్గు కొనల మధ్య చిన్న పూసలా పేరుకుని రవ్వను చంపుతుంది. నేల మీద ఇంజనును ఎక్కువసేపు నిదానంగా నడిపితే ఇది త్వరగా పడుతుంది. పెట్రోలు కాస్త తగ్గించి, జోరు పెంచి కొద్దిసేపు నడిపితే చాలాసార్లు కాలి రాలిపోతుంది. అప్పటికీ పోకపోతే ఎగరడం మానుకుని మెకానిక్కును పిలవాలి.

ఆ మెకానిక్కు పని చూడముచ్చటగా ఉంటుంది. నాలుగింటిలో దోషి ఏ సిలిండరు? లారీ మెకానిక్కు ఒక్కొక్క సిలిండరుకు డీజిలు ఆపి శబ్దం వింటాడు. దేనికి ఆపినా శబ్దం మారకపోతే అదే పనిచేయని సిలిండరు. విమానం మెకానిక్కు చల్లారిన ఇంజనును అనుమానం ఉన్న మాగ్నెటో మీద మాత్రమే కాసేపు నడిపి ఆపేస్తాడు. తరువాత నాలుగు పొగగొట్టాల వేడి కొలుస్తాడు. మూడు కాలిపోతుంటాయి, ఒకటి మాత్రం చల్లగా ఉంటుంది. ఆ చల్లనిదాంట్లో మంట మండలేదన్నమాట! ఇక ప్లగ్గు చెడిందా, దానికి వచ్చే తీగ చెడిందా? ఆ ప్లగ్గును తీసి పక్క సిలిండరుకు బిగిస్తాడు, పక్కదాన్ని ఇక్కడ పెడతాడు. మళ్లీ నడుపుతాడు. జబ్బు ప్లగ్గుతో పాటు పక్కింటికి వెళ్లిందా, ప్లగ్గుదే తప్పు. ఉన్నచోటే ఉండిపోయిందా, తీగదో మాగ్నెటోదో తప్పు. ఒకసారికి ఒక్క మార్పే చేస్తాడు. ఎనిమిది ప్లగ్గులూ, తీగలూ ఒకేసారి మార్చేస్తే ఇంజను బాగుపడుతుంది కాని దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. ఇదంతా చేసేవారు లైసెన్సు ఉన్న నిపుణులని గుర్తుంచుకోండి. మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదన్నాం కదా! తీగ ఒకటి ఊడి ఉంటే, స్విచ్చి ఆపి ఉన్నా చేత్తో పంఖా తిప్పగానే ఇంజను మండుకోవచ్చు.

ఇంకొక రకం వణుకు ఉంది. పొద్దున్నే ఇంజను వేయగానే ఒకటి రెండు నిమిషాలు ఎగిరెగిరి పడుతుంది. వేడెక్కగానే ఏమీ ఎరగనట్టు సాఫీగా నడుస్తుంది. ఇంగ్లీషు మెకానిక్కులు దీన్ని వేవిళ్లతో పోల్చి నవ్వుకుంటారు. పొగ వదిలే కవాటం కాడకు మసి గట్టిగా పట్టి, చల్లగా ఉన్నప్పుడు అది బిగుసుకుపోవడమే దీనికి కారణం. దానంతట అదే తగ్గిపోయింది కదా అని రోజూ వదిలేసే పైలట్లు ఉంటారు. ఆ కవాటం ఒకనాడు గాలిలో బిగుసుకుంటే సిలిండరు పనిచేయడం మానేస్తుంది. దాన్ని నెట్టే కడ్డీ వంగిపోతుంది. ఇది వేడిగాలితోనూ తగ్గదు, ఎర్రపిడితోనూ తగ్గదు. దిగి, ఇంజను విప్పవలసిందే.

కళింగపట్నం దగ్గర మన శిక్షణార్థిని వేడిగాలి మీటను మూసి చూసింది. చుట్లు మళ్లీ మామూలుకు వచ్చాయి. తిరుగుదారిలో ప్రతి పదిహేను నిమిషాలకూ ఒకసారి మీట లాగి, ముల్లు ఎటు కదులుతుందో చూస్తూ వచ్చింది. దిగడానికి జోరు తగ్గించబోయే ముందు, ఈసారి దగ్గు రాకమునుపే, మీటను పూర్తిగా లాగి ఉంచింది. చక్రాలు నేలకు తగిలాక మూసేసింది. ఆ వేడిగాలి దారికి వడపోత లేదు. తీరంలో ఇసుక ఎగురుతూ ఉంటుంది.